బొగ్గు లెక్కలో తేడా సున్నానా? అక్కడే వెతకండి: విద్యుత్ సంస్థల్లో రిస్క్, కంట్రోల్స్‌పై అపోహలు – వాస్తవాలు

అపోహ: నెలాఖరు తనిఖీలో పుస్తక నిల్వకూ యార్డు నిల్వకూ తేడా రాలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

లక్షల టన్నుల కుప్పలో తేడా సున్నా రావడం దాదాపు జరగని పని. వచ్చిందంటే ఎక్కడో ఒక అంకెను సర్ది ఉంటారు. ఎంత బొగ్గు వచ్చిందో వ్యాగన్ల వేబ్రిడ్జి (వ్యాగన్లను తూచే కాటా) చెబుతుంది, బాయిలర్ బంకర్లకు (బొగ్గు తొట్టెలకు) వెళ్లింది కన్వేయర్ మీది బెల్ట్ వేయర్ (నడుస్తున్న బెల్టు మీదే బొగ్గును తూచే పరికరం) చెబుతుంది, మిగిలింది యార్డు సర్వే చెప్పాలి. అయితే సర్వే ఇచ్చేది ఘనపరిమాణమే. టన్నులు కావాలంటే బల్క్ డెన్సిటీతో (ఒక ఘనపు మీటరు కుప్ప ఎన్ని టన్నులు తూగుతుందో ఆ అంకెతో) గుణించాలి. ఉదాహరణకు 4 లక్షల ఘనపు మీటర్ల కుప్పకు 0.85 బదులు 0.90 వేస్తే 20,000 టన్నులు కాగితం మీదే పుట్టుకొస్తాయి.

బుల్డోజర్ తొక్కిన అడుగు పొరకూ పైన వదులుగా పడిన బొగ్గుకూ డెన్సిటీ ఒకటి కాదు. కాబట్టి కొలత పెట్టెను వేర్వేరు చోట్ల నింపి తూచాలి. అప్పుడు యార్డు ఇన్‌చార్జితో పాటు ఫైనాన్స్ నుంచి ఒకరు దగ్గరుండి సంతకం పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం: సర్వే రిపోర్టు చేతికి రాకముందే డెన్సిటీ ఖాయం కావాలి. తర్వాతైతే, కావలసిన నిల్వకు తగ్గ డెన్సిటీ ఎలాగూ దొరుకుతుంది.

బెల్ట్ వేయర్ చెడిపోయిందని, వచ్చిందాంట్లోంచి మిగిలింది తీసేసి అదే వాడకం అని రాసుకునే ప్లాంట్లలో ఇంకా ప్రమాదం. తక్కువ తూకం, దొంగతనం, తరుగు అన్నీ వాడకంలో కలిసిపోతాయి. హీట్ రేటు (ఒక యూనిట్ కరెంటుకు ఖర్చయ్యే వేడి) ఎందుకు పెరిగిందని బాయిలర్ వాళ్లను నిలదీస్తారు. లోపమేమో తూకంలో ఉంటుంది.

అపోహ: టన్నులు సరిపోతే చాలు.

బొగ్గు ధర గ్రేడును బట్టి, గ్రేడు అది ఇచ్చే వేడిని బట్టి. కిలోకు 300 కిలో కేలరీలు తగ్గితే గ్రేడు ఒక మెట్టు దిగుతుంది. అందుకే శాంపిల్ సంచి సీలు నంబరు, రిఫరీ శాంపిల్ (వివాదం వస్తే మళ్లీ పరీక్షించడానికి దాచే నమూనా) ఎవరి తాళం కింద ఉందన్నది వేబ్రిడ్జి స్లిప్పంత ముఖ్యం.

అపోహ: ఎస్ఏపీ (కొనుగోళ్లు, ఖాతాలు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది కాబట్టి అధికార పరిమితి దాటి ఎవరూ ఆర్డరివ్వలేరు.

ఒకరి పరిమితి 5 లక్షలు అనుకోండి. 14 లక్షల పనిని మూడు ముక్కలు చేస్తే సాఫ్ట్‌వేర్ మూడింటినీ పంపేస్తుంది. అదే వెండర్, అదే కాస్ట్ సెంటర్ (ఖర్చు రాసే విభాగం), 30 రోజుల లోపు ఆర్డర్లు అన్న ఫిల్టర్‌తో ప్రతి నెలా జాబితా తీయాలి. పరిమితికి కొంచెం కిందే ఆగిన మొత్తాలను ముందు చూడండి.

అపోహ: కంట్రోల్స్ (తప్పులు, మోసాలు జరగకుండా పెట్టుకునే కట్టడులు) ఇంటర్నల్ ఆడిట్ వాళ్ల పని.

కాదు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 134(5) ప్రకారం లిస్టెడ్ కంపెనీలో అంతర్గత ఆర్థిక నియంత్రణలు సరిపడా ఉన్నాయని, సరిగా పనిచేస్తున్నాయని చెప్పాల్సింది డైరెక్టర్లు. కంట్రోల్‌ను రోజూ నడిపేది ఆ విభాగం. ఆడిట్ దాన్ని పరీక్షిస్తుంది, అంతే.

అపోహ: గాయాల రేటు తగ్గింది కాబట్టి ప్లాంటు భద్రం.

జారిపడటం, చేయి తెగడం లాంటివి లెక్కపెడితే ప్రాసెస్ ప్రమాదం (యంత్రాల్లో పేలుడు, మంటలు లాంటిది) కనబడదు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో యూనిట్ స్టార్టప్ సమయంలో టవర్ హద్దు మీరి నిండింది. లెవెల్ ట్రాన్స్‌మిటర్ (లోపలి ద్రవం మట్టం చెప్పే పరికరం) తప్పు చూపించింది, మోగాల్సిన హై లెవెల్ అలారం మోగలేదు. పేలుడులో 15 మంది చనిపోయారు. బోర్డుకు వెళ్లే నెలవారీ పత్రంలో గాయాల సంఖ్య పక్కనే ఇవి ఉండాలి: గడువు దాటిన సేఫ్టీ వాల్వ్ పరీక్షలు ఎన్ని, బైపాస్‌లో ఉన్న (పనిచేయకుండా పక్కన పెట్టిన) ఇంటర్‌లాక్‌లు, అంటే ప్రమాదం వస్తే యంత్రాన్ని తానే ఆపే రక్షణలు, ఏవి, ఎవరి అనుమతితో, ఏ తేదీ వరకు.