ముస్లిం జనాభా ఎక్కడుంది, వయసెంత?

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నవాడు "తాతయ్యా, ముస్లింలు ఎక్కువమంది సౌదీలోనే ఉంటారు కదా?" అన్నాడు. మన ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల కబుర్లు వింటూ పెరిగితే అలాగే అనిపిస్తుంది. కానీ 2022 జనగణనలో సౌదీ అరేబియా మొత్తం జనాభా 3.2 కోట్లే. వాళ్లలోనూ పదిమందికి నలుగురు పనికోసం బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు.

అట్లాస్ తీసి తూర్పుకు జరగండి. 2020 నాటికి ప్రపంచంలో ముస్లింలు దాదాపు 200 కోట్లు, అంటే నలుగురిలో ఒకరు. వాళ్లలో పదింట నాలుగు వంతులు ఇండోనేషియా, పాకిస్తాన్, మన దేశం, బంగ్లాదేశ్‌లలోనే ఉన్నారు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా రెండూ కలిపినా ఐదో వంతే. మక్కా అక్కడుంది, జనం మాత్రం ఇటువైపే ఎక్కువ.

ఇక వయసు సంగతి. ఊరందరినీ చిన్న నుంచి పెద్ద దాకా వరసగా నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి వయసు అడిగితే అదే నడిమి వయసు. 2015లో ప్రపంచ ముస్లింలకు అది 24 ఏళ్లు. మిగతావాళ్లకు 32. ఎనిమిదేళ్ల తేడా చిన్నది కాదు. పెళ్లీడు వాళ్లు ఎక్కువగా ఉన్న జనంలో ఒక్కో ఇంట్లో పిల్లలు తగ్గినా, మొత్తం సంఖ్య ఇంకొన్ని దశాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది. ముస్లిం జనాభా పెరిగిపోతోందంటూ మనకొచ్చే వాట్సాప్ ఫార్వర్డ్‌లు హాయిగా దాటేసే ముక్క ఇదే.

పిల్లలు ఎక్కువ పుట్టడం మతం వల్లేనా అంటే, ఇరాన్ కథ వినండి. 1980ల మొదట్లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురికి పైగా పిల్లలు. ఇరాక్‌తో యుద్ధం సాగుతోంది, జనం పెరగడమే బలం అనుకున్నారు. 1988లో యుద్ధం ముగిసింది. ఇంతమందికి బడులు, ఉద్యోగాలు ఎక్కణ్ణుంచి తేవాలని ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. 1989 నుంచి కుటుంబ నియంత్రణను అదే ఇస్లామిక్ ప్రభుత్వం భుజాన వేసుకుంది. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో మాత్రలు ఉచితంగా ఇచ్చారు, పెళ్లికి ముందు జంటలకు క్లాసులు పెట్టారు. ఆడపిల్లలు కాలేజీల దాకా వచ్చారు. 2000 నాటికి సగటు దాదాపు రెండుకు పడిపోయింది. అంత వేగంగా తగ్గిన దేశాలు ప్రపంచంలోనే అరుదు. ఎంతగా తగ్గిందంటే, ఎక్కువమందిని కనండి బాబూ అంటూ 2021లో చట్టమే చేశారు! మతం మారలేదు, మనుషుల లెక్క మారింది.

ఇటు ఆఫ్రికాలో నైజర్ చూడండి. దాదాపు అందరూ ముస్లింలే, నడిమి వయసు పదిహేనేళ్లకు అటూ ఇటూనే, అంటే జనంలో దాదాపు సగం మంది అంతకన్నా చిన్నవాళ్లే. అయితే క్రైస్తవులు ఎక్కువగా ఉన్న ఉగాండాలోనూ నడిమి వయసు పదహారు, పదిహేడు దగ్గరే ఉంటుంది. పేదరికం, తొందరగా జరిగే పెళ్లిళ్లు, బడి మానేసే ఆడపిల్లలు రెండుచోట్లా ఉన్నారు. యూరప్‌లో బోస్నియాకు వెళ్తే జనాభాలో సగం ముస్లింలే, కానీ అది ముసలితనం వైపు నడుస్తున్న దేశం. నడిమి వయసు నలభై దాటింది.

మన దేశం లెక్క కూడా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 1992–93లో ఒక్కో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019–21 నాటికి అవి 2.36, 1.94 అయ్యాయి. రెండూ తగ్గాయి, ముస్లింలలో ఇంకాస్త వేగంగా తగ్గింది. కేరళ ముస్లిం స్త్రీల సగటు బీహార్ హిందూ స్త్రీల సగటు కన్నా తక్కువ. ఆ రెండు రాష్ట్రాల్లో ఆడపిల్లల చదువు ఎలా ఉందో మీ టీచర్‌ని అడగండి, మిగతాది మీకే తెలుస్తుంది.

అక్క అడిగిన హజ్ కోటా సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య