ఈ పుస్తకంలో మన శ్రీకాకుళం ఏది మామ్మా?

పిల్లలూ,

మొన్న ఆదివారం మన ఆరో క్లాసు చిన్నది మా అరుగు మీద కూర్చుని ఒక కొత్త పుస్తకం చూపించింది. మన రాష్ట్రం చరిత్ర, సంస్కృతి, పిల్లల కోసం అని పైన పెద్ద అక్షరాలు, లోపల బొమ్మలు భలే ఉన్నాయి, కాగితం కూడా నున్నగా ఉంది. మొత్తం తిరగేసి "ఈ పుస్తకంలో మన శ్రీకాకుళం ఏది మామ్మా?" అని అడిగింది. నేనూ కళ్లజోడు పెట్టుకుని వెతికాను. అరసవల్లి సూర్యదేవుడి గుడి ఫొటో ఒకటి, పొందూరు ఖద్దరు గురించి ఒక ముక్క, అంతే. ఇంతలో కరెంటు పోయింది, మీరంతా ఆటకి పోయారు, నా జవాబు నాలోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్లు బళ్లో సోషల్ చెప్పినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను, ఒకరు పైకి చదవండి మిగతావాళ్లు వినండి.

ముందు ఆ పుస్తకం మీద కోపం పెట్టుకోకండి. వంద పేజీల్లో రాష్ట్రం మొత్తం పట్టించాలంటే ఎవరికైనా కష్టమే. కానీ మీరు ఏ చరిత్ర పుస్తకం పట్టుకున్నా ఒక మనిషిని అడిగినట్టు దాన్ని అడగాలి, ఈ సంగతి నీకెలా తెలుసు అని. అలా అడిగితే నోరు విప్పే పుస్తకం మంచి పుస్తకం, ఎంత చిన్నదైనా సరే.

పుస్తకం తెరవగానే ఎప్పుడు అచ్చేశారో చూడండి. చిన్నది తెచ్చినదాంట్లో రాజాం ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 చేసినప్పుడు రాజాం విజయనగరానికి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లింది. అంటే అది అంతకుముందు వేసిన పుస్తకం, తప్పు రాసినట్టు కాదు, పాతది అంతే. మ్యాప్ అనేది మారుతూనే ఉంటుంది. మా అత్తగారి పుట్టిల్లు నరసన్నపేట దగ్గర. ఆవిడ పుట్టినప్పుడు అది గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యి గంజాం చాలావరకు అటెళ్లిపోతే మన ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిపారు, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అన్నారు, 1953 అక్టోబర్ 1కి ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1కి ఆంధ్రప్రదేశ్. ఆవిడ పుట్టిన పెంకుటిల్లు మాత్రం వీసమెత్తు కదల్లేదు, నూతిగట్టు కూడా అక్కడే ఉంది! ఇప్పుడు మీరే చెప్పండి, రాష్ట్రం చరిత్ర అని 1956 నుంచో 1953 నుంచో మొదలుపెడితే ఆవిడ చిన్నతనం ఏ పుస్తకంలోకి వెళ్లాలి? మంచి పుస్తకంలో ఒకటి కాదు, మూడు నాలుగు మ్యాపులు ఉండాలి.

శ్రీముఖలింగం సంగతి కూడా అంతే. వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊరు కళింగ రాజులకి, అదే తూర్పు గంగులకి, రాజధాని. కళింగనగరం అంటే ముఖలింగమే అని గట్టిగా వాదించి చెప్పింది మన గిడుగు రామ్మూర్తి పంతులుగారు. ఆ వంశంలో అనంతవర్మ చోడగంగదేవుడు పూరీ జగన్నాథుడి గుడి కట్టించాడు, తర్వాత అదే వంశంలో నరసింహదేవుడు కోణార్క కట్టించాడు. ఇప్పటి సరిహద్దు గీత పట్టుకుని రాస్తే పూరీ, కోణార్క అటు పుస్తకంలోకి, ముఖలింగం ఇటు పుస్తకంలోకి పోతాయి, ఒక కుటుంబాన్ని రెండిళ్లుగా పంచేసినట్టు. మన పేరు పుస్తకాల్లో పల్చబడటానికి ఇదొక పెద్ద కారణం అని నా నమ్మకం.

తొమ్మిదో క్లాసు అబ్బాయి అడిగాడు కదా, చోడగంగుడి పట్టాభిషేకం ఒక పుస్తకంలో 1077 అని, ఇంకోదాంట్లో 1078 అని ఉంది, ఏది రైటు అని. కాగితం తీయండి. రాజుగారి రాగిరేకుల్లో ఉన్నది శక సంవత్సరం 999. శకానికి 78 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 999కి 78 కలిపితే 1077. కానీ శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, జనవరికి కాదు. పట్టాభిషేకం ఆ ఏడాది చివర్లో జరిగింది, మన లెక్కలో ఫిబ్రవరి. జనవరి దాటిపోయింది కాబట్టి 1078. ఒకాయన కలిపి ఊరుకున్నాడు, ఇంకొకాయన నెల కూడా చూశాడు. ఈ చిన్న లెక్క వస్తే గుడి గోడ మీద శాసనం పక్కన పెట్టిన బోర్డు మీరే సరిచూసుకోవచ్చు.

రామ్మూర్తి పంతులుగారి గురించి ఇంకొంచెం చెప్పాలి. 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, అందుకే ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ గుళ్లో శాసనాల పాత అక్షరాలు తనంతట తానే కూడబలుక్కుని నేర్చుకున్నారు. మన కొండల్లో ఉండే గిరిజనులు సవర వాళ్ల భాష నేర్చుకున్నారు, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బళ్లు పెట్టారు, వాచకాలు రాశారు, నిఘంటువు తయారుచేశారు. పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని జీవితాంతం పోట్లాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిపితే మనసు కష్టపడి ఆ వయసులో ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. పిల్లల కోసం రాసేవాళ్లంతా ఆయన్ని తల్చుకుని రాయాలి. చిన్నది తెచ్చిన పుస్తకంలో "నిర్మింపబడినది", "విరాజిల్లుచున్నది" అని ఉంటే నాకు నిజంగా బాధేసింది. కట్టారు అంటే పిల్లలకి అర్థమవుతుంది కదా! సవరల గురించి అయితే డాన్సు బొమ్మ ఒకటి వేసి వదిలేశారు. ముఖలింగం స్థలపురాణంలో శివుడు ఇప్పచెట్టులో కనిపించింది సవర వాళ్లకే, మధుకేశ్వరుడు అనే పేరు ఆ ఇప్పచెట్టు వల్లే, మధూకం అంటే ఇప్ప. కథలో అంత చోటున్నవాళ్లకి పుస్తకంలో ఒక బొమ్మేనా.

కథ అన్నాను కాబట్టి అరసవల్లికి వస్తాను. ఆ గుడి ఇంద్రుడు కట్టాడని స్థలపురాణం, ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చరిత్రకారులు. రెండూ పిల్లలకి చెప్పాలి, కలిపేసి కాదు, ఇది కథ ఇది చరిత్ర అని విడివిడిగా. ఫొటో కింద ఏం రాశారంటే ఏటా రెండుసార్లు సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, అద్భుతం, అని. అద్భుతమే, నేను చీకటితో లేచి వెళ్లి చూశాను, ఒళ్లు జలదరించింది. కానీ రెండుసార్లే ఎందుకు? మార్చి 9, 10, అక్టోబర్ 1, 2. సూర్యుడు రోజూ ఒకే చోట పొడవడు, ఆరు నెలలు ఉత్తరానికి జరుగుతాడు, ఆరు నెలలు దక్షిణానికి. సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి 21, సెప్టెంబర్ 23 ఆ చుట్టుపక్కల. మార్చిలో దానికి పదకొండు రోజుల ముందు, అక్టోబర్‌లో ఎనిమిది తొమ్మిది రోజుల తర్వాత, అంటే పోతూ ఒకసారి వస్తూ ఒకసారి సూర్యుడు ఇంచుమించు ఒకే చోట పొడుస్తాడు, తూర్పుకి కాస్త దక్షిణంగా. గుమ్మం ఆ చోటుకి ఎదురుగా ఉంది. ఈ నాలుగు వాక్యాలు ఫొటో కింద రాస్తే ఏ పిల్లాడి భక్తీ తగ్గదు, ఆ కట్టినవాళ్ల మీద ఇంకా గౌరవం పెరుగుతుంది. మీరు మేడ మీద ఒకే చోట నిలబడి నెలకోసారి సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు వెనక లేస్తున్నాడో గుర్తుపెట్టుకోండి, మీకే తెలుస్తుంది.

ఇక బొబ్బిలి. ఇది రాయడం నాకు కొంచెం కష్టం, ఎందుకంటే మా అమ్మమ్మది బొబ్బిలి వైపు, మా నాయనమ్మది విజయనగరం వైపు. అమ్మమ్మ చెప్తే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు శత్రువు గుడారంలోకి దూకే దగ్గర నేను పక్కమీద లేచి కూర్చునేదాన్ని. నాయనమ్మ దగ్గర ఆ ఊసెత్తితే పద్మనాభం యుద్ధం చెప్పేది. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం పూసపాటి విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి, కోట నిలబడదని తెలిసి లోపల ఆడవాళ్లని, పిల్లల్ని తమవాళ్లే చంపుకున్నారు, తర్వాత పాపారాయుడు విజయరామరాజుని చంపాడు. ఇది మనకి బుర్రకథల్లో వచ్చింది, ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ కూడా రాశాడు. రెండు దారుల్లో వచ్చిన సంగతి కాబట్టి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. పిల్లల పుస్తకాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, విజయనగరం వాళ్లు చెడ్డవాళ్లు అన్నట్టు ఉంటుంది. కానీ 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే ఇంటి రాజు, పేరు కూడా విజయరామరాజే, ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. ముప్పై ఏడేళ్ల తేడా. క్లాసులో చాలా ఏళ్లు నేను కూడా మొదటిది గట్టిగా చెప్పి రెండోది ఒక్క వాక్యంలో దాటేశాను, అది నా తప్పు, అప్పటి నా పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయిపోయారు, వాళ్లకి మళ్లీ చెప్పలేను, మీకు చెప్తున్నాను.

పొందూరు ముక్క ఒక్కటి చెప్పి ఆపుతాను. "పొందూరు ఖద్దరు ప్రసిద్ధి చెందినది" అని రాశారు. ఎందుకు ప్రసిద్ధి? నేను అక్కడ ఒకావిడ ఇంట్లో గుమ్మం దగ్గర కూర్చుని చూశాను. ఆవిడ చేతిలో దువ్వెన లాంటిది ఉంది, అది వాలుగ చేప దవడ ఎముక. సన్న సన్న పళ్లు, సూదుల్లా. దాంతో గింజ తీయని పత్తిని చిన్న చిన్న పాయలుగా దువ్వుతుంటే చెత్తా నలుసూ కింద రాలిపోతోంది, పోగులన్నీ ఒకవైపుకి తిరిగి పట్టులా మెరుస్తున్నాయి. నా చేతికిచ్చింది, నేను రెండుసార్లు లాగితే పోగు తెగిపోయింది. "బరువెయ్యకమ్మా, దాని దారిన దాన్ని రానీ" అంది. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, అవి చెదరకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. ప్రసిద్ధి అనే మాట తీసేసి ఆ చేప దవడ బొమ్మ వేస్తే చాలు కదా, ఏ ఊరి పిల్లాడైనా ఆ పేజీ మర్చిపోడు.

వచ్చే ఆదివారం ముఖలింగం వెళ్దాం, మీ అమ్మలతో మాట్లాడేశాను. మొదటి బస్సుకే పోవాలి, ఎండెక్కితే గుడి రాళ్ల మీద కాళ్లు కాలిపోతాయి. పెన్సిలు, నోట్‌బుక్, నీళ్ల సీసా తెచ్చుకోండి. పెద్దపిల్లలు చిన్నవాళ్ల చెయ్యి వదలొద్దు. గోడల మీద అక్షరాలు చేత్తో రుద్దకండి, చూసి రాసుకోండి. చిన్నదాన్ని ఆ పుస్తకం కూడా తెమ్మన్నానని చెప్పండి, దాంట్లో ముఖలింగానికి పేజీ లేదు, వెనక ఖాళీ కాగితాలు నాలుగు ఉన్నాయి కాబట్టి అక్కడ రాద్దాం.

మీ మామ్మ