నీళ్ల డబ్బాతో మైలేజీ: మనవలకు తాత ఉత్తరం

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగాడు కదా, బానెట్ కింద నీళ్ల డబ్బా బిగిస్తే హైడ్రోజన్ పుట్టి పెట్రోలు సగం ఆదా అవుతుందట, నాన్న కొందామంటున్నాడు, నిజమేనా అని. ఫోన్‌లో చెబితే సగం సిగ్నలే మింగేస్తుందని రాస్తున్నాను.

ఆ డబ్బాలో జరిగేది అబద్ధమేమీ కాదు. నీళ్లలో కాస్త కాస్టిక్ పొటాష్ కలిపి, స్టీలు పలకలు ముంచి, బ్యాటరీ కరెంటు పంపితే నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతాయి. బుడగలు కనిపిస్తాయి. ఆ గ్యాసు మండుతుంది కూడా. అమ్మేవాళ్లు చూపించేది అంతవరకే, మనం పడిపోయేదీ అక్కడే.

ఇంతకీ ఆ కరెంటు ఎక్కడిది? బ్యాటరీది. బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్, దాన్ని తిప్పేది ఇంజిన్, ఇంజిన్ తాగేది పెట్రోలు. మా రోజుల్లో సైకిల్‌కి డైనమో ఉండేది. టైరుకి ఆనిస్తే లైటు వెలిగేది, పెడల్ మాత్రం బరువెక్కేది. ఎదురుగాలి ఉన్న రాత్రి, పోలీసు కనిపిస్తే తప్ప నేను డైనమో వేసేవాణ్ణి కాదు!

లెక్క చూడండి. పెట్రోలులో 100 పాళ్ల శక్తి ఉంటే, ఇంజిన్ పనిగా మార్చేది ఇంచుమించు 25, 30 పాళ్లే. దాన్ని ఆల్టర్నేటర్ కరెంటు చేసేటప్పుడు కొంత, నీళ్లను విడగొట్టేటప్పుడు ఇంకొంత పోయి, హైడ్రోజన్‌లోకి చేరేది పది పాళ్లు. దాన్ని మళ్లీ అదే ఇంజిన్‌లో కాలిస్తే చేతికొచ్చేది మూడు. హైడ్రోజన్ కాలగా మిగిలిన బూడిదే నీళ్లు. బూడిదని మళ్లీ కట్టెగా మార్చాలంటే ముందు కాలినంత శక్తీ తిరిగి పెట్టాలి.

"శక్తి కోసం కాదండీ, పెట్రోలు బాగా మండడానికి" అంటారు తెలివైన అమ్మకందార్లు. ఇప్పటి ఇంజిన్లలో పెట్రోలు దాదాపు మొత్తం మండుతూనే ఉంది. వృథా అయ్యేది వేడిగా పోతోంది, మండక కాదు. పైగా 1500 సీసీ ఇంజిన్ 2000 ఆర్పీఎమ్ దగ్గర నిమిషానికి 1500 లీటర్ల దాకా గాలి పీల్చుకుంటుంది. అందులో ఈ డబ్బా ఇచ్చేది లీటరో, రెండు లీటర్లో! ల్యాబుల్లో విడిగా పెట్టిన గ్యాసు సిలిండర్ నుంచి బాగా ఎక్కువ హైడ్రోజన్ ఇచ్చినప్పుడు కొంత లాభం కనిపించిన మాట నిజం. కానీ ఆ హైడ్రోజన్ తయారీ ఖర్చు ఆ ఇంజిన్ మీద పడలేదు.

అమెరికాలోని ఒహాయోలో స్టాన్లీ మేయర్ అనే ఆయన ఏకంగా నీళ్లతోనే బగ్గీ కారు నడుపుతానన్నాడు. డబ్బు పెట్టిన ఇద్దరు కోర్టుకెక్కారు. నిపుణులు విప్పి చూస్తే మామూలు విద్యుద్విశ్లేషణే, అంటే కరెంటుతో నీళ్లను విడగొట్టడమే. 1996లో కోర్టు దాన్ని పచ్చి మోసమని తేల్చి, వాళ్ల 25,000 డాలర్లు తిరిగి ఇమ్మంది.

మరి బిగించుకున్నవాళ్లు మైలేజీ పెరిగిందంటారేం? మా వీధిలో ఒకాయన అలాగే అన్నాడు. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని వెళ్లాను. ఎప్పుడూ హారన్ మీద చెయ్యి తీయని మనిషి, ఆ రోజు పెళ్లికూతురిని తీసుకెళ్తున్నట్టు నడిపాడు. డబ్బు పెట్టాక కాలు దానంతటదే మెత్తబడుతుంది మరి.

పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి పెట్రోలు ఎంత పంపాలో ఇంజిన్‌కి తెలియజేసేది ఆక్సిజన్ సెన్సర్. కొన్ని కిట్లతో దాన్ని మోసం చేసే చిన్న సర్క్యూట్ కూడా వస్తుంది. ఆ సర్క్యూట్‌ని మాత్రం అస్సలు పెట్టనివ్వకండి. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఇంజిన్ దెబ్బతినొచ్చు, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగొచ్చు.

నా పాత సైకిల్, డైనమో అటక మీదే ఉన్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు దించుదాం. లైటు వేసుకుని చెరువుగట్టు దాకా ముందు నాన్నని తొక్కమందాం.

మీ తాతయ్య