లాంచర్ దొరికింది, మరి రాకెట్లు?

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం ముగిసేసరికి ఇజ్రాయెల్ చేతికి చిక్కిన సామానులో సోవియట్ బీఎం-24 రాకెట్ లాంచర్లు కూడా ఉన్నాయి. ఒక మిలిటరీ లారీ, దాని వెనక ఇనప కడ్డీలతో చేసిన పంజరాల్లాంటి చట్రాలు, రెండు వరసల్లో పన్నెండు. ఇజ్రాయెల్ వాటితో ఏకంగా ఒక బెటాలియన్‌నే నిలబెట్టింది.

లారీ రిపేరు ఏ మెకానిక్కైనా చేస్తాడు. చిక్కంతా రాకెట్లతోనే. ఉన్నవి కాల్చేస్తే అయిపోతాయి, కొత్తవి కావాలంటే అడగాల్సింది మాస్కోని. ఆ మాస్కో అదే నెలలో ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది.

ఇక సొంతంగా చేసుకోవాలి. ఎంత కష్టమో తెలియాలంటే దీపావళి సామాను గుర్తు చేసుకుంటే చాలు. కర్ర ఊడిన తారాజువ్వ పైకి పోదు, పక్కింటి వరండాలోకి పోతుంది. దాన్ని తిన్నగా నడిపేది ఆ కర్రే. భూచక్రానికి కర్ర లేదు, నిప్పు పక్కకి చిమ్ముతుంది కాబట్టి గిర్రున తిరుగుతుంది. బీఎం-24 రాకెట్‌లో ఈ రెండో కిటుకుంది. 240 మిల్లీమీటర్ల లావు, సుమారు 110 కిలోల బరువు, రెక్కల్లేవు. వెనకనున్న నాజిల్స్‌ని కాస్త ఏటవాలుగా పెడతారు. వాటిలోంచి తన్నుకొచ్చే వాయువే రాకెట్‌ని ముందుకీ తోస్తుంది, బొంగరంలా తిప్పుతుంది కూడా. అలా తిరుగుతూ సుమారు 11 కిలోమీటర్లు వెళ్తుంది. రాకెట్ పొట్టిగా, లావుగా ఉన్నంతవరకే ఈ పద్ధతి పనికొస్తుంది. అందుకే దాదాపు మూడు మీటర్ల పొడవుండే గ్రాడ్ అనే ఇంకో సోవియట్ రాకెట్‌కి మడత రెక్కలు పెట్టారు.

ఫిరంగి గుండుకి దారి చూపేది పొడవాటి గొట్టం. ఇక్కడ ఆ పని చాలావరకు రాకెట్టే చూసుకోవాలి. నాజిల్ వాలులో చిన్న తేడా వచ్చినా, బరువు ఒక పక్కకి ఒరిగినా గురి పోయినట్టే. ఇంధనంతోనూ పేచీయే: ఎండకి వేడెక్కితే వేగంగా మండుతుంది, చలికి మందగిస్తుంది. పొద్దున పేల్చిన లెక్క మిట్టమధ్యాహ్నం పనికిరాదు. అందుకే ఎంత దూరానికి ఎంత కోణం ఎత్తాలో చెప్పే పట్టికల్లో ఇంధనం ఉష్ణోగ్రతకీ సవరణలుంటాయి.

నాకు భలే నచ్చిన తలనొప్పి ఇంకోటుంది. గురిచూసే పరికరాల్లో సోవియట్ వాళ్లు వృత్తాన్ని 6000 భాగాలు చేస్తే, అమెరికా, నాటో సైన్యాలు 6400 చేస్తాయి. 100 గీతలు తిప్పమంటే ఒకచోట 6 డిగ్రీలు, ఇంకోచోట 5.6 డిగ్రీలు. 10 కిలోమీటర్ల దూరంలో ఇది దాదాపు 65 మీటర్ల తేడా! ఎవరి లాంచర్‌ని ఎవరు పట్టుకున్నా, ముందు ఈ గీతల లెక్క తేల్చుకోవాలి.

ఇజ్రాయెల్ ప్రభుత్వ ఆయుధ సంస్థ ఐఎంఐ చివరికి ఆ 240 మిల్లీమీటర్ల రాకెట్లను స్వయంగా తయారుచేసింది. 1973 యుద్ధంలోనూ, 1982లో లెబనాన్‌లోనూ ఆ సోవియట్ లాంచర్లు ఇజ్రాయెల్ సైన్యం తరఫునే పనిచేశాయి.

దక్షిణాఫ్రికా ఇంకో దారి పట్టింది. 1975లో అంగోలాలో గ్రాడ్ దెబ్బ రుచి చూశాక, ఆ 122 మిల్లీమీటర్ల కొలతనే పక్కనపెట్టి 127 మిల్లీమీటర్లతో, 24 గొట్టాలతో వల్కిరి అనే సొంత లాంచర్ కట్టుకుంది.