యమమోటో వద్దన్నది యుద్ధాన్ని, దాడిని కాదు: అపోహలు – వాస్తవాలు

అపోహ: 1941 డిసెంబరులో హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడి, జపాన్ నౌకాదళ సేనాని అడ్మిరల్ ఇసొరొకు యమమోటోకు ఇష్టం లేదు, పైవాళ్లు చెప్పారని చేశాడు.

వాస్తవం: ఇది తిరగబడ్డ కథ. ఆయనకు ఇష్టం లేనిది అమెరికాతో యుద్ధం. హార్వర్డ్‌లో చదువుకుని, 1926–28లో వాషింగ్టన్ రాయబార కార్యాలయంలో నౌకాదళ ప్రతినిధిగా పనిచేసి, అక్కడి ఫ్యాక్టరీల సత్తా కళ్లారా చూసినవాడు. 1940లో జర్మనీ, ఇటలీలతో ఒప్పందాన్నీ వ్యతిరేకించాడు. కానీ యుద్ధమే వస్తే మొదటి దెబ్బ పెర్ల్ హార్బర్ మీదే పడాలన్నది ఆయన పట్టు. టోక్యోలోని నౌకాదళ పెద్దలు ఇది జూదమని అడ్డుపడితే, 1941 అక్టోబరులో రాజీనామా చేస్తానని బెదిరించి మరీ ఒప్పించాడు. సినిమాల్లో చూపించే 'అయిష్ట సేనాని' యమమోటోలో ఈ రెండో సగం పలచబడిపోతుంది.

అపోహ: దాడి రోజున విమాన వాహక నౌక మీద నిలబడి నడిపించాడు.

వాస్తవం: ఆరు వాహక నౌకలతో వెళ్లింది వైస్ అడ్మిరల్ నగుమో. యమమోటో హిరోషిమా దగ్గర హషిరాజిమాలో లంగరేసిన యుద్ధనౌక 'నగాటో'లో రేడియో కబురు కోసం కూర్చున్నాడు.

అపోహ: 'నిద్రపోయే రాక్షసుణ్ణి లేపాం' అన్నాడు.

వాస్తవం: ఈ మాట పెర్ల్ హార్బర్ దాడి మీద తీసిన 1970 నాటి సినిమా 'టోరా! టోరా! టోరా!'లో ఉంది. ఆయన ఉత్తరాల్లో, డైరీల్లో ఎవరికీ దొరకలేదు.

అపోహ: దాడిలో వాడిన టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాలు) మామూలువే, గొప్పంతా పైలట్లదే.

వాస్తవం: విమానం నుంచి పడ్డ టార్పెడో ముందు బాగా లోతుకి మునిగి, తర్వాత పైకొచ్చి తన లోతు సరిచేసుకుంటుంది. పెర్ల్ హార్బర్‌లో నీళ్లు సుమారు 12 మీటర్లే. మామూలుగా వదిలితే ముక్కు బురదలో దిగబడి ఆగిపోతుంది. అందుకే టైప్ 91 టార్పెడో తోకకి చెక్క రెక్కలు తగిలించారు. గాల్లో దొర్లిపోకుండా, సరైన కోణంలో నీటిని తాకేలా పట్టి ఉంచి, తాకగానే ఊడిపోవడం వాటి పని. పైలట్లు చేయాల్సింది బాగా కిందికి దిగి, వేగం తగ్గించి వదలడం. జపాన్‌లోని కగోషిమా ఖాతంలో నెలల తరబడి సాధన చేసింది దీనికే. రెక్కలు లేకపోతే ఆ సాధన వృథా, సాధన లేకపోతే రెక్కలూ వృథా. మొదటి విడతలో టార్పెడో విమానాలు 40.

అపోహ: సినిమాలో కనిపించే ఓడలూ విమానాలూ అసలువే.

వాస్తవం: దాడికి వెళ్లిన జపాన్ వాహక నౌక 'అకాగి' కమాండ్ గోపురం ఎడమవైపు ఉండేది. 1970 సినిమాలో విమానాలు లేచే దృశ్యాలు తీసింది అమెరికన్ వాహక నౌక 'యార్క్‌టౌన్' మీద, అందుకే గోపురం కుడివైపుంటుంది. అందులోని జీరోలు (జపాన్ యుద్ధ విమానాలు) కూడా వేషం మార్చిన అమెరికన్ టీ-6 శిక్షణ విమానాలే.

ఏ సినిమాలోనైనా యమమోటో ఎడమచేతిని గమనించండి. 1905లో రష్యాతో జరిగిన త్సుషిమా నౌకాయుద్ధంలో చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. గ్లౌజు లేకుండా ఐదూ కనిపిస్తే సెట్‌లో ఎవరూ చూసుకోలేదన్నమాట.