పాత బండి కొని బాగుచేసుకుందాం అనుకునేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

ఆమధ్య ఓ ఆదివారం ఓ కుర్రాడు ట్రాలీ ఆటోలో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఎక్కించుకుని మా షెడ్డుకొచ్చాడు. ఇరవై మూడేళ్లుంటాయేమో, మొహం వెలిగిపోతోంది. "అన్నా, ముప్పై ఎనిమిది వేలకు వచ్చింది. నేనే విప్పి నేర్చుకుంటాను, మీరు పక్కనుండి చెప్పండి చాలు" అన్నాడు. బండి చుట్టూ తిరిగి చూశాను. ట్యాంకు ఒరిజినలే, ఇంజిన్ కేసు ఎక్కడా పగల్లేదు. "సీ బుక్ ఏది తమ్ముడూ, అదే ఆర్సీ?" అని అడిగాను. "అది అమ్మినాయన తర్వాత చేయిస్తానన్నాడు అన్నా, ఆయనకు ఏజెంట్ తెలుసంట."

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా పాత టూ స్ట్రోక్ బండ్లు, కాస్ట్ ఐరన్ బుల్లెట్లు విప్పి బిగిస్తున్నాను. ఈ మాట నెలకు రెండుసార్లయినా వింటాను. విన్న ప్రతిసారీ కడుపులో దేవినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు.

అపోహ: బండి దొరకడమే కష్టం. కాగితాలు ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

వాస్తవం దీనికి పూర్తిగా తలకిందులు. బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, అరిగితే లేత్ షాపులో బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తాం. క్రాంక్ పోతే రాడ్ కిట్ మారుస్తాం. సైలెన్సర్ పుచ్చిపోతే కొత్తది తెస్తాం. బండి ఫ్రేము మీద కొట్టి ఉండే ఛాసిస్ నంబరు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో, ఆ మనిషి సంతకం పెడితేనే బండి మీదవుతుంది. ఆ సంతకం పెట్టాల్సిన కాగితాలే ఫారం 29, ఫారం 30. బండి నాలుగు చేతులు మారి, మొదటి ఓనర్ ఎప్పుడో సంతకం పెట్టిచ్చిన ఖాళీ ఫారాలు మీ చేతికొచ్చాయంటే జాగ్రత్తపడండి. ఆ మనిషి బతికే ఉన్నాడో లేదో కూడా మీకు బండి అమ్మేవాడికి తెలియదు. ఓనర్ చనిపోయి ఉంటే వారసుల తరఫున ఫారం 31తో దారి ఉంది. కానీ ఆ వారసులు దొరకాలి, వాళ్లు ఒప్పుకోవాలి.

ఇంకోటి, సీ బుక్‌లో ఫైనాన్స్ ఎక్కి ఉందేమో చూడండి. ఇది నాకు స్వయంగా తగిలిన దెబ్బ. 2004లో ఆరు వేలు పెట్టి యెజ్డీ రోడ్‌కింగ్ కొన్నాను. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి సామాన్ల కోసం ఊళ్లు తిరిగి, ఎనిమిది నెలలు రాత్రిళ్లు కూర్చుని పూర్తి చేశాను. బండి ఒక్క కిక్కుకు స్టార్ట్ అయ్యేది. తీరా పేరు మార్పించబోతే సీ బుక్‌లో ఓ చిన్న ఫైనాన్స్ కంపెనీ పేరుంది. అప్పు తీరిందని ఫారం 35 మీద వాళ్లు సంతకం పెట్టాలి. ఆ కంపెనీ బోర్డు తిప్పేసి అప్పటికి చాలా ఏళ్లయింది. రెండేళ్లు తిరిగాను, పని కాలేదు. చివరికి విప్పి సామాన్లుగా అమ్మేశాను. దాని ట్యాంకు ఒక్కటి అమ్మబుద్ధి కాలేదు, ఇప్పటికీ షెడ్డు గోడకు వేలాడుతోంది.

కాబట్టి డబ్బులిచ్చే ముందు ఈ పనులు చేయండి. బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. పాత నంబర్లు కొన్ని ఆన్‌లైన్‌లో ఎక్కి ఉండవు. అలాంటప్పుడు అమ్మేవాడినే ఆర్టీవో ఆఫీసుకు పంపి ఎక్కించమనండి, ఆ తిరుగుడు మీరు నెత్తినేసుకోవద్దు. ఏపీ 09 చూసి 'మన ఏపీ బండే కదా' అనుకోకండి. అది హైదరాబాద్ నంబరు. 2014 జూన్ 2 తర్వాత అది వేరే రాష్ట్రం బండి, అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ కావాలి.

ఇవన్నీ అయ్యాక ఛాసిస్ నంబరు దగ్గర మట్టి తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. ఆ ప్రింటును సీ బుక్‌లోని నంబరుతో ఒక్కో అక్షరం పోల్చండి. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా, అక్కడ మాత్రమే కొత్త పెయింట్ కొట్టి ఉన్నా, గ్రైండర్ పెట్టిన గీతలు కనిపించినా ఆ బండి వదిలేయండి. ఇంజిన్ నంబరుకూ ఇదే పద్ధతి. దొంగ బండి అని తేలితే కొన్నవాడి మెడకూ చుట్టుకుంటుంది.

ఆ కుర్రాడి బండి నంబరు యాప్‌లో కొడితే ఓ స్కూటర్ వివరాలు వచ్చాయి. మనిషి అక్కడే కూలబడ్డాడు. నేను దానికి స్పానర్ పెట్టలేదు.

అపోహ: పదిహేనేళ్లు దాటిన బండిని ప్రభుత్వం పట్టుకుపోయి తుక్కు చేస్తుంది.

ఈ పుకారు ఎవరు పుట్టిస్తున్నారో గానీ దీనివల్ల మంచి బండ్లు తుక్కు దుకాణాలకు పోతున్నాయి. పోయినేడాది మచిలీపట్నం నుంచి ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేశారు. వాళ్ల నాన్నగారి బుల్లెట్, ఆయన పోయాక పెరట్లో ఉండిపోయింది. "పోలీసులు వచ్చి పట్టుకెళ్తారు, ఇప్పుడే అమ్మేయండి" అని పక్కవాళ్లు భయపెడుతున్నారట. "అమ్మా, ఎవరూ పట్టుకెళ్లరు, ముందు సీ బుక్, నాన్నగారి డెత్ సర్టిఫికెట్ రెండూ ఒక కవర్లో పెట్టి దాచుకోండి" అని చెప్పాను. పదిహేనేళ్లకు తప్పనిసరిగా తుక్కు చేయాలన్న నిబంధన ప్రభుత్వ వాహనాలకు. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న నియమాలు వేరు, అవి ఇక్కడ వర్తించవు. మన దగ్గర సొంత బండిని ఫారం 25తో, తనిఖీ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఆలస్యమైతే జరిమానా పడుతుంది కాబట్టి కొనేముందే ఎంతవుతుందో కనుక్కోండి. ఆ బుల్లెట్ ఇప్పుడు ఆవిడ పేరు మీదే ఉంది.

'వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తా' అనేవాళ్లు కూడా తగులుతారు. 2021లో వచ్చిన ఆ నిబంధన యాభై ఏళ్లు దాటిన బండ్లకే. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి వచ్చిందే 1985లో.

అపోహ: ఇంజిన్ పట్టేసిన (లోపల పిస్టన్ కదలకుండా బిగుసుకుపోయిన) బండి అంటే ఇక అయిపోయినట్టే.

కాదు. ప్లగ్ విప్పి ఆ కన్నంలో కాస్త డీజిల్ పోసి నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత మాగ్నెట్ నట్టుకు రెంచి వేసి నెమ్మదిగా అటూ ఇటూ కదపండి. కిక్కు మీద ఎక్కి గెంతకండి, కిక్ షాఫ్ట్ పోతుంది. నిజానికి నాకు భయం పట్టేసిన బండి కాదు, పదేళ్లు మూలనపడి ఉండి కూడా వెంటనే స్టార్ట్ అయ్యే టూ స్ట్రోక్ బండి. క్రాంక్ ఆయిల్ సీళ్లు ఎండిపోయి గాలి పీలుస్తుంటాయి. స్టార్ట్ అయింది కదా అని హైవే ఎక్కిస్తే పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతుంది. అందుకే సీళ్లు మార్చకుండా, ఆయిల్ పంపు పనిచేస్తోందని కళ్లతో చూడకుండా రోడ్డెక్కించకండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంది కాబట్టి పాత రబ్బరు పైపు, కార్బరేటర్ వాషర్లు కూడా మార్చేయండి.

'జపాన్ ఇంజిన్' అని అదనంగా అడిగితే ఇవ్వకండి. ముప్పై ఏళ్ల తర్వాత బోరు ఎంత మిగిలిందన్నదే లెక్క. బాగుచేసి అమ్మితే లాభం వస్తుందన్న మాట కూడా వదిలేయండి, మొదటి బండికి ఎవరికీ రావడం నేను చూడలేదు. కొన్న ధర కాక ఇంకో అంత డబ్బు పక్కన పెట్టుకునే మొదలుపెట్టండి. పెయింట్ పని చివర్లో పెట్టుకోండి.

మొదటి బండి ఏది అని అడిగితే, సామానంతా ఉన్న బండి అంటాను. నడవకపోయినా ఫర్వాలేదు. సైడ్ ప్యానెల్, మీటర్, ట్యాంకు మూత లాంటి చిన్నవి లేకపోతేనే జేబు ఖాళీ అవుతుంది. ఆర్‌డీ 350 లాంటి పెద్ద టూ స్ట్రోక్ బండి మీద మనసున్నా సరే, చేయి తిరిగేదాకా ఆగండి. హీరో హోండా సీడీ 100 లాంటి ఫోర్ స్ట్రోక్ బండి నేర్చుకోవడానికి బాగుంటుంది. ఇంజిన్ సామాను దొరుకుతుంది, తప్పు చేసినా దిద్దుకోవచ్చు.

ఆ కుర్రాడితో కలిసి అమ్మినవాడి దగ్గరికి వెళ్లాను. పోలీస్ స్టేషన్ మాట ఎత్తాక ముప్పై వేలు వెనక్కి వచ్చాయి, ఎనిమిది వేలు పోయాయి. వారం రోజులు మనిషి కనిపించలేదు, ఇక రాడేమో అనుకున్నాను. నిన్న ఫోన్ చేశాడు. గుడివాడలో వాళ్ల మేనమామ స్నేహితుడి ఇంట్లో సీడీ 100 ఉందట, మొదటి నుంచీ ఒక్కడే ఓనర్, సీ బుక్ ఆయన పేరు మీదే ఉందట. "అన్నా, పెన్సిల్ నేనే తెస్తాను, మీరు రండి" అన్నాడు. ఎల్లుండి పొద్దున్నే వెళ్తున్నాం.