బువ్వాలాట: మా అంగన్‌వాడీలో నేను రోజూ వినే అపోహలు

చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌ని. అన్నం వేళకి ముందు ఓ అరగంట పిల్లలతో బువ్వాలాట ఆడిస్తాను, తిండి సంగతులు అందులోనే చెప్పేస్తాను.

అపోహ: ఆటలో వండితే ఇంట్లో తినేస్తారు.
వాస్తవం: అంత సీను లేదు. మొదట్లో నేనూ అలాగే అనుకుని, పొద్దున్న తోటకూర ఆట ఆడించి మధ్యాహ్నం పప్పులో అదే వేయిస్తే, ఒక్కొక్కరూ ఆకులన్నీ ఏరి పళ్ళెం అంచున వరసగా పెట్టేశారు. కొత్త రుచి అలవాటు కావాలంటే చాలామంది పిల్లలకి ఎనిమిది, పదిసార్లు పెట్టి చూడాలి, కొందరికి పదిహేనుసార్లు కూడా. ఆ ఆకుని ముందే తుంచి, వాసన చూసి, పేరు పెట్టి పిలిచి ఉంటే పళ్ళెంలో చూసినప్పుడు బెదురు తగ్గుతుంది. ఆట వల్ల అయ్యేది అంతే.

అపోహ: మంచి తిండి, చెడ్డ తిండి అని రెండు బుట్టలు పెట్టాలి.
వాస్తవం: నేను మానేశాను. చిప్స్ ప్యాకెట్ చెడ్డ బుట్టలో వేయగానే ఒక పాప "మా తాత కొన్నాడు. తాత చెడ్డోడేటి టీచర్?" అంది. ఇప్పుడు ఒకటి రోజూ తినేవాటి బుట్ట, ఇంకోటి ఎప్పుడైనా తినేవాటిది.

అపోహ: చోళ్ళలో (రాగుల్లో) కాల్షియం ఉందని చెప్తే అంబలి తాగుతారు.
వాస్తవం: ఉన్నమాట నిజమే, 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాములు. (పల్చటి అంబలి గ్లాసుడు తాగితే అంతా వచ్చేయదు, అది వేరే సంగతి.) కానీ నాలుగేళ్ళ వాడికి కాల్షియం అంటే ఏం తెలుస్తుంది? సంత ఆటలో చోళ్ళు వాడే కొలిచి అమ్మాలి, బేరమాడాలి.

అపోహ: నిజం గింజలతో ఆడిస్తేనే బాగుంటుంది.
వాస్తవం: ఐదేళ్ళలోపు పిల్లలకి వేరుశనగలు, చింతపిక్కలు ఆటకి ఇవ్వకండి, ముక్కులో దూర్చుకుంటారు, గొంతులో అడ్డం పడితే ప్రాణాల మీదకే. అందుకే చోళ్ళు కూడా మూత బిగించిన సీసాలోనే, కొలిచేది ఉత్తుత్తినే. కొబ్బరి చిప్పలు, మట్టి, తోటకూర ఆకులు చాలు. ఏటికొప్పాక లక్కపిడతలుంటే ముచ్చటే, లేకపోయినా నష్టం లేదు.

అపోహ: ఇది టైంపాస్, అక్షరాలు నేర్పండి.
వాస్తవం: ఆటలో పిల్లలు వాళ్ళింటి భోజనాన్నే ఆడి చూపిస్తారు. మొన్న ఒక పిల్లాడు గుడ్డబొమ్మ నోటికి కొబ్బరి చిప్ప నొక్కిపెట్టి "తాగుతావా, బూచోడికి ఇచ్చేయమన్నావా" అని గదిమాడు, అచ్చం వాళ్ళ నానమ్మ గొంతే. నేను తప్పని అనలేదు, పక్కన కూర్చుని "దానికి ఆకలేస్తుందో లేదో అడిగావా నాన్నా?" అన్నాను. రెండ్రోజులు పట్టించుకోలేదు. మూడోరోజు బొమ్మ నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"ఇప్పుడొద్దంట టీచర్. మూత పెట్టేస్తాను, రేపు తాగుతాదంట."